రూపచిత్రకళ (కృష్ణా డెల్టా)

నిర్వచనము

ఒక నిర్దిష్టవ్యక్తి ఆకారమును, ఆ వ్యక్తిని ఎఱిగినవారు చూచినంతనే గుర్తింపగల సాదృశ్యముతో, రేఖలచేతను వర్ణములచేతను నిలుపు చిత్రము రూపచిత్రము. అట్టి చిత్రములను రచించు విద్య రూపచిత్రకళ. దేవతామూర్తులు, పురాణపాత్రలు, పేరు తెలియని పల్లెపడుచులు మొదలగువారి చిత్రములు, వానిని ఎవరిని చూచి గీసినను, రూపచిత్రములనిపించుకొనవు. ఏలయన వానిలోని ముఖము ఒక భావమునకు ఆధారము మాత్రమే గాని చిత్రమునకు లక్ష్యము కాదు.

రూపచిత్రమునకు చిత్రకారుడు, చిత్రింపబడు వ్యక్తి, పటమును వ్రాయించువారు అని మూడు పక్షములు గలవు. ఐరోపా నగరములందలి ఉన్నతవర్గములలో రెండవ పక్షమును మూడవ పక్షమును తఱచు ఒక్కరే యగుటయు, ఆ వ్యక్తి చిత్రకారుని యెదుట పలుమార్లు స్వయముగా కూర్చుండుటయు పరిపాటి. విజయవాడ, మచిలీపట్టణము, గుడివాడ, తెనాలి మొదలగు పట్టణములతో గూడిన కృష్ణా డెల్టాలోనైతే, వ్యక్తి గతించిన పిదప కుమారులో, శిష్యులో, సంస్థల నిర్వాహకులో ఛాయాచిత్రము నాధారము చేసికొని వ్రాయించిన పటములు విశేషముగా కానవచ్చును. ఈ భేదమే ఈ ప్రాంతపు రూపచిత్రకళ స్వభావమును, విధానమును, ప్రయోజనమును చాలవరకు నిర్ణయించినది.

శాస్త్ర కావ్యములందు

విష్ణుధర్మోత్తర పురాణాంతర్గతమైన చిత్రసూత్రము చిత్రములను సత్యము, వైణికము, నాగరము, మిశ్రము అని నాలుగు తెగలుగా విభజించి, లోకసాదృశ్యము గలదానిని సత్యమని పేర్కొన్నది. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంతరించిన మానసోల్లాసమున, అద్దములోని ప్రతిబింబమును బోలు చిత్రమునకు విద్ధమనియు, మనసున తోచినదానిని అనుసరించి రచించిన చిత్రమునకు అవిద్ధమనియు పేరులు గలవు. కామసూత్రములకు జయమంగళవ్యాఖ్య రచించిన యశోధరుడు చెప్పిన చిత్రషడంగములలో, రూపభేద, ప్రమాణ, భావ, లావణ్యయోజన, వర్ణికాభంగములతోపాటు సాదృశ్యము నొక అంగము.

కావ్యములందు రూపచిత్రము రెండు ప్రయోజనములతో కనిపించును. ఉషాపరిణయకథలో చిత్రలేఖ రాజకుమారుల రూపములను వరుసగా గీసి చూపగా ఉష అనిరుద్ధుని గుర్తించుట, జీవించియున్నవారిని తెలిసికొనుటకు చిత్రము సాధనమైన సందర్భము. భాసుని ప్రతిమానాటకమున, గతించిన రాజుల ప్రతిమలు మాత్రమే నిలుపు గృహమున దశరథుని ప్రతిమను చూచి భరతుడు తండ్రి మరణమును గ్రహించుట, గతించినవారి స్మరణకు రూపము ఆధారమైన సందర్భము.

చరిత్ర

ప్రాచీనకాలము: కృష్ణానదీతీరమున గతించినవారి రూపమును నిలుపు ఆచారము మిక్కిలి ప్రాచీనము. నాగార్జునకొండ లోయయందు క్రీ.శ. 3, 4 శతాబ్దులలో, ఇక్ష్వాకుల కాలమున, మరణించిన రాజులకును, యోధులకును, వృత్తిపనివారికిని స్మారకములుగా శిలాస్తంభములు నెలకొల్పబడినవి. శాసనములు వీనిని ఛాయాఖంభములని వ్యవహరించినవి. చాంతమూల మహారాజు మరణానంతరము నిలిపిన స్తంభముపై ఆయన జీవితఘట్టములు అంతస్తులు అంతస్తులుగా చెక్కబడియున్నవి. ఈ శిల్పములందు ముఖసాదృశ్యముకంటె హోదాను, ఆచరించిన కార్యములను సూచించుటయే ప్రధానము. విజయనగరకాలమున, 16వ శతాబ్దికి చెందిన లేపాక్షి దేవాలయపు పైకప్పు చిత్రములలో, ఆలయనిర్మాతలగు విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు తమ పరివారముతో దైవమును సేవించుచున్నట్లు చిత్రింపబడిరి. (చూ. భిత్తిచిత్రములు, శిల్పకళ.)

గోలకొండ కాలము: కుతుబ్‌షాహీల పాలనలో మచిలీపట్టణము ప్రధాన ఓడరేవై, 17వ శతాబ్ది తొలిపాదమున డచ్చి, ఆంగ్ల వర్తకుల స్థావరములకు నెలవైనది. ఆ శతాబ్ది చివరిభాగమున గోలకొండ చిత్రకారులు సుల్తానులు, మొగలు చక్రవర్తులు, మంత్రులు, సేనానులు మొదలగువారి సూక్ష్మచిత్రములను వరుసలుగా రచించి ఐరోపా వర్తకులకు విక్రయించుచుండిరి. ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకులలో నొకడగు నికోలాస్ విట్సెన్ సేకరించినట్టి చిత్రసంపుటి నేడు అచ్చటి రైక్స్‌మ్యూజియమున నున్నది. ఒకే మాతృకనుండి పలు ప్రతులు తీయుచుండుటచే, ఈ చిత్రములలోని ప్రముఖులు చిత్రకారుల యెదుట ప్రతిసారియు కూర్చుండవలసిన పని లేకపోయెను. (చూ. గోలకొండ చిత్రకళ.)

కంపెనీ కాలము: 1759లో మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల వశమైన పిదప తీరాంధ్రము క్రమముగా చెన్నపట్టణపు పాలనాపరిధిలోనికి వచ్చుటతో, తైలవర్ణములతో కాన్వాసుపై నిలువెత్తు రూపచిత్రములు వ్రాయు ఐరోపా పద్ధతికి చెన్నపట్టణమే ద్వారమైనది. 1769లో అచ్చటికి వచ్చిన టిల్లీ కెటిల్ ఆర్కాటు నవాబు ముహమ్మదలీ వాలాజాను చిత్రించెను. ఆతని తరువాత జార్జి విల్లిసన్, థామస్ హిక్కీ, జార్జి చిన్నరీ మొదలగువారు ఆ నగరమున పనిచేసిరి. వీరి చిత్రములలోని తెర, స్తంభము, బల్లపై పుస్తకము, కరవాలముపై నిలిపిన చేయి మున్నగు అలంకరణములే తరువాతి జమీందారుల పటములకును, ఛాయాచిత్రశాలల తెరలకును ఒరవడియైనవి.

జమీందారీ కాలము: 1802లో ఆరంభమైన శాశ్వత పైసలా పద్ధతి ఉత్తరసర్కారుల జమీందారులకు స్థిరమైన హోదాను కల్పించినది. 1855 నాటికి విజయవాడయొద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియై, కాలువలక్రింద మాగాణి విస్తరించిన కొలది, జమీందారులతోపాటు సంపన్నులగు రైతులును, వర్తకులును, న్యాయవాదులును పటములు వ్రాయించుకొనగల స్థితికి వచ్చిరి. ఈ కాలమున భారతీయ రూపచిత్రకారులలో అగ్రగణ్యుడు రాజా రవివర్మ (1848–1906). 1873లో చెన్నపట్టణపు ప్రదర్శనమున బంగారు పతకమును పొందిన ఈతడు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకును, మైసూరు, బరోడా రాజకుటుంబములవారిని చిత్రించెను. 1902లో సోదరుడగు రాజరాజవర్మతో హైదరాబాదునకు వచ్చి నిజాము కొలువులో పనికై నిరీక్షించెను గాని ఆ యత్నము ఫలింపలేదు. 1894లో ఆతడు బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయపు ఓలియోగ్రాఫులు తెలుగు ఇండ్లకు చేరి, తైలవర్ణములలోని వెలుగునీడలను సామాన్యుల కంటికి అలవాటు చేసినవి. (చూ. రవివర్మ; ముద్రిత చిత్రములు.)

ఆంధ్ర చిత్రకళోద్యమము: రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహమున చిత్రకళాభ్యాసము చేసినవారిలో దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు (1895–1952) ముఖ్యులు. రామారావు 1916లో బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలయందు చేరి, మనుష్యుని యెదుట నుంచుకొని గీయు శిక్షణను క్రమముగా పొంది వచ్చి, రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పెను. ఆతడు మశూచివలన 27 ఏండ్ల ప్రాయముననే మరణింపగా, మిత్రుడగు వరదా వెంకటరత్నము ఆ కార్యమును కొనసాగించెను. రామారావు భార్య సత్యవాణియు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులే. 1910లో మచిలీపట్టణమున ఆరంభమైన ఆంధ్ర జాతీయ కళాశాలయందు 1920ల తొలినాళ్ళనుండి ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు వంగసంప్రదాయమును బోధించెను. బాపిరాజు ఆయన శిష్యుడై, 1930లలో అదే కళాశాలకు అధ్యక్షుడాయెను. వంగసంప్రదాయము యథాతథ సాదృశ్యముకంటె భావమునకు ప్రాధాన్యమిచ్చుటచే, మచిలీపట్టణమున శిక్షణ పొందినవారికిని, బొంబాయి, చెన్నపట్టణములందు తైలవర్ణశిక్షణ పొందినవారికిని రూపచిత్రవిషయమున దృష్టిభేదము కలిగెను. (చూ. ఆంధ్ర జాతీయ కళాశాల, దామెర్ల రామారావు.)

సంస్థల కాలము: 1911లో విజయవాడయందు రామమోహన గ్రంథాలయము వెలయుట, 1914లో ఆ పట్టణముననే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ మహాసభ జరుగుట, తరువాత ఊరూర గ్రంథాలయములు, పాఠశాలలు, కళాశాలలు, పురమందిరములు వెలయుట రూపచిత్రములకు నూతన స్థానములను కల్పించినవి. దాతలు, స్థాపకులు, దేశనాయకులు, కవులు మొదలగువారి పటముల ఆవిష్కరణ ఒక సభాసంప్రదాయమైనది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు అంతరింపగా, వ్రాయించువారి స్థానమున సంస్థలును, మధ్యతరగతి కుటుంబములును నిలిచినవి. స్వాతంత్ర్యము వచ్చిన పక్షము దినములలోపుగనే, 1947 ఆగస్టు 28న, ఆస్వాల్డ్ బర్లీ రచించిన గాంధీజీ చిత్రమును బాబూ రాజేంద్రప్రసాదు ఢిల్లీలో రాజ్యాంగసభామందిరమున ఆవిష్కరించుట ఇట్టి సంప్రదాయమునకే జాతీయస్థాయి నిదర్శనము.

రకములు

పరిమాణమునుబట్టి రూపచిత్రములు శిరోమాత్రము, వక్షఃపర్యంతము, ముప్పాతిక నిలువు, పూర్తి నిలువు అని నాలుగు విధములు. పూర్తి నిలువు పటము జమీందారుల దివాణములకును, వక్షఃపర్యంతపు పటము గృహములకును సంస్థలకును రూఢమైనవి. ముఖము, కండువా, నుదుటిబొట్టు స్పష్టముగా కనిపించుటకు ఇది చాలును, వ్యయమును తగ్గును.

ఆధారమునుబట్టి మూడు విధములు: వ్యక్తిని యెదుట కూర్చుండబెట్టి వ్రాసినవి, కొన్ని పర్యాయములు కూర్చుండబెట్టి, తక్కినది ఛాయాచిత్రముతో ముగించినవి, కేవలము ఛాయాచిత్రమునుండి వ్రాసినవి. ప్రయోజనమునుబట్టి గృహస్మారకములు, సంస్థాగతములు, అభినందనపూర్వకములు అని విభజింపవచ్చును. షష్టిపూర్తికిని, సన్మానసభలకును వ్రాయించునవి చివరి తెగకు చెందును.

నిర్మాణవిధానము

తైలవర్ణ రూపచిత్రమునకు టేకు చట్రముపై బిగించిన కాన్వాసునకు మొదట వజ్రపు జిగురు పూతను, దానిపై తెల్లరంగు పూతను వేసి ఆరనిత్తురు. బొగ్గుపుల్లతో తల ఏటవాలును, కనుబొమల గీతను, భుజముల వెడల్పును గుర్తించిన పిదప, పలుచని గోధుమవర్ణముతో నీడల భాగములను నిలుపుదురు. దేహచ్ఛాయకు పసుపుమన్ను, ఇంగిలీకపు ఎఱుపు, కాల్చిన సియెన్నా, తెలుపు ప్రధానవర్ణములు. శ్యామలవర్ణమునకు నీడలలో నీలి, ఆకుపచ్చ వన్నెలు తగుపాళ్ళలో కలియకున్నచో చర్మము మసిబారినట్లు తోచును. అవిసెనూనె రంగులను నెమ్మదిగా ఆరనిచ్చుటచే చిత్రకారునకు సవరించుకొను వ్యవధి దొరకును. జరీ అంచు, ముక్కుపుడక, రవ్వలకమ్మలు మొదలగువానిని చివర దట్టమైన రంగుతో ఎత్తి చూపి, రంగు పూర్తిగా ఆరిన మాసములకు వార్నీషు పూయుదురు.

ఛాయాచిత్రమునుండి వ్రాయునపుడు మూలచిత్రముపై గళ్ళు గీసి, కాన్వాసుపై అదే సంఖ్యలో పెద్ద గళ్ళు గీసి, గడివెంట గడిని పెంచుచు పోవుట పాతపద్ధతి. బ్రోమైడు కాగితముపై ఛాయాచిత్రమును పెద్దది చేయించి, దానిపైననే రంగులు వేయుట చౌకయైన మార్గము. ఇది పట్టణములందలి ఛాయాచిత్రశాలలతో చిత్రకారులకు వృత్తిసంబంధమును కల్పించినది. గతించినవారికి ఒంటరి చిత్రము లేనిచో, పెండ్లిలో తీసిన గుంపు చిత్రమునుండి ముఖమును మాత్రము గ్రహించి, దేహమును, దుస్తులను వేరొకరినుండి సంతరింతురు. దేహచ్ఛాయకు తోబుట్టువునో, పెద్దకుమారునో చూచి, మిగిలినదానికి ఇంటివారి మాటలపై ఆధారపడుదురు. (చూ. ఛాయాచిత్రకళ, తైలవర్ణములు.)

చిత్రింపబడు వ్యక్తి

చిత్రకారుని యెదుట కూర్చుండుట శ్రమతో గూడిన పని. తల ఏ వైపునకు తిరిగియున్నదో, చేయి ఎచ్చట ఆనియున్నదో మఱల మఱల అదే రీతిని నిలుపవలెను. వెలుగు మారకుండుటకై ప్రతి పర్యాయమును దాదాపు ఒకే వేళకు రావలెను. అలసట ముఖమున తోచిన క్షణమున చిత్రకారుడు పని నాపవలెను. అందుచే అనుభవజ్ఞులు సంభాషణమును సాగించుచు, ముఖమునకు సహజమైన కదలిక నిలుచునట్లు చూచుకొందురు. దుస్తుల నిర్ణయము తఱచు వ్యక్తిది కాక కుటుంబముది. జమీందారునకు తలపాగ, సరిగ అంగరకా, పతకములు, న్యాయవాదికి కోటు, తలపాగ, స్వాతంత్ర్యోద్యమానంతరమున ఖద్దరు ధోవతి, ఉత్తరీయము, పండితునకు శాలువ. ఇవి ఆ వ్యక్తి స్వభావముకంటె ఆయనకు సమాజమిచ్చిన స్థానమును తెలుపును.

స్త్రీల విషయమున ఘోషా ఆచారము గల కుటుంబములందు పరపురుషుని యెదుట కూర్చుండుట సాధ్యము కాకపోవుటచే, చిత్రములు అరుదుగాను, ఇంటివారి ఆధ్వర్యమునను జరుగుచుండెను. ఇట్టి ఇబ్బందిని తొలగించుటకే రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకమైన ఛాయాచిత్రశాలను, ఒక ఆంగ్లస్త్రీ నిర్వహణలో, తెరిచెను. బొమ్మ తీయించుకొన్న ఆయువు క్షీణించునను నమ్మకము కొంతకాలము తెలుగునాట ప్రచారమున నుండుటయు, వృద్ధులు బ్రతికియుండగా పటములు వ్రాయించుకొనకపోవుటకు ఒక కారణము.

చిత్రించిన రూపముపై చిత్రింపబడినవారి అధికారమెంత యనునది అన్ని దేశములందును తలయెత్తిన ప్రశ్నయే. జాన్ సింగర్ సార్జెంట్ 1884లో పారిస్ సాలోన్‌లో ప్రదర్శించిన శ్రీమతి గోత్రో చిత్రమునకు, జాఱిన భుజపుపట్టీ కారణముగ, నిందలు రాగా, ఆతడు దానిని సవరించి 1916 వరకు తనయొద్దనే యుంచుకొని, తుదకు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు విక్రయించెను. 1954లో బ్రిటిషు పార్లమెంటు పక్షమున గ్రాహమ్ సదర్లాండ్ వ్రాసిన విన్‌స్టన్ చర్చిల్ చిత్రము ఆయనకు నచ్చకపోగా, తరువాత ఆయన భార్య దానిని నాశనము చేయించెను. డెల్టాలో ఈ ప్రశ్న వేరొక రూపమును దాల్చును. వ్యక్తి లేనపుడు సాదృశ్యమును నిర్ణయించు అధికారము భార్యాబిడ్డలది. వారిలో ఒకరు యౌవనపు ముఖమును, వేరొకరు చివరి రోజుల ముఖమును కోరుట సహజము. చిత్రకారుడు సాధారణముగా ఈ రెంటికి నడుమ, నడివయసు రూపమును ఎన్నుకొనును.

పటము గృహములో

డెల్టాలోని మండువా లోగిళ్ళయందు తల్లిదండ్రుల పటములను సావడి గోడకో, నడవలోని ద్వారబంధముపైనో తగిలింతురు. దేవుని పటములు పూజగదికి చెందగా, పితరుల పటములకు వేరుచోటు కేటాయించుట ఆచారము. గతించినవారి పటమునకు గంధపుపొట్టు దండయో, పూలదండయో వేసి, బొట్టు పెట్టుదురు. జీవించియున్నవారి పటమునకు దండ వేయుట అశుభమని భావింతురు. సంస్థలయందు జయంతి, వర్ధంతి దినములందు పటమునకు పుష్పమాలాలంకరణము జరుగును. పటముల దిగువ పేరు, జననమరణ సంవత్సరములు, దాత పేరు వ్రాయుదురు. చిత్రకారుని సంతకము మాత్రము ఒక మూలను చిన్నదిగా నుండుటయో, చట్రము క్రిందికి పోవుటయో జరుగుటచే, అనేకచిత్రములకు కర్తలెవరో నిర్ణయించుట కష్టము.

చిత్రకారుని వృత్తి

రూపచిత్రములనుండి మాత్రమే జీవనము సాగుట ఈ ప్రాంతమున అరుదు. చిత్రకారులు పాఠశాలలందు డ్రాయింగు మాస్టర్లుగా పనిచేయుచు, నాటకసమాజములకు తెరలు వ్రాయుచు, పత్రికలకు బొమ్మలు గీయుచు, విజయవాడ సినిమా పంపిణీకి కేంద్రమైన పిదప బ్యానర్లు వ్రాయుచు, తీరిక వేళల పటములు వ్రాసెడివారు. కృష్ణాజిల్లా ఎలకుర్రున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన భారతి మాసపత్రిక తెలుగు చిత్రకారుల రచనలను వర్ణములలో ముద్రించి వారికి పాఠకలోకమును సమకూర్చినది. పని ఒప్పుకొనునపుడు బయానా, ముఖము ఇంటివారు అంగీకరించిన పిదప కొంత, పటము కట్టించి అప్పగించునపుడు మిగిలిన సొమ్ము పుచ్చుకొనుట వాడుక. (చూ. రంగస్థల చిత్రణము, పత్రికాచిత్రకళ.)

విమర్శ

ఛాయాచిత్రమునుండి వ్రాసిన పటమును కళగా పరిగణింపవచ్చునా యను విషయమున అభిప్రాయభేదము గలదు. ఒక పక్షమువారు, కెమెరా ఒక్క క్షణమును మాత్రమే పట్టును గనుక దానిని పెంచి వ్రాసినది ప్రతిలేఖనమనియు, మనుష్యుని పలుమార్లు చూచి ఆ చూపులనన్నిటిని ఒక ముఖమున సమన్వయించుటయే రూపచిత్రమనియు వాదింతురు. రెండవ పక్షమువారు, రవివర్మ సోదరులును ఛాయాచిత్రములను వినియోగించిరనియు, నలుపు తెలుపుల చిన్న చిత్రమునుండి దేహచ్ఛాయను, కంటి తేజస్సును ఊహించి నిలుపుటకు నైపుణ్యము కావలయుననియు చెప్పుదురు. హోదాను పొగడుటకై రూపమును మెఱుగుపెట్టుట, ఛాయను తెల్లబఱచుట అను దోషములు ఇరుపక్షములచే గుర్తింపబడినవి.

సంరక్షణము

డెల్టాలోని తేమ, వానకాలపు బూజు, చెదలు కాన్వాసునకును చట్రమునకును ప్రధానశత్రువులు. గోడకు అంటుకొనినట్లు తగిలించినచో వెనుకవైపున తేమ చేరి పూత పెచ్చులూడును. వార్నీషు కాలక్రమమున పసుపువారి ముఖచ్ఛాయను మార్చును. ఊదుకడ్డీల పొగ, దీపపు మసి, దండల తడి గృహములలోని పటములను మఱింత త్వరగా చెఱచును. ప్రదర్శనశాలలయందు ఉష్ణోగ్రతను, తేమను అదుపున నుంచుదురు. గృహములలో పటమును గోడకు కొంచెము ఎడముగా వాల్చి కట్టుట, ఎండ నేరుగా పడకుండ చూచుట చేయదగిన పనులు. దామెర్ల రామారావు రచనలు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో ప్రభుత్వముచే కాపాడబడుచున్నవి. అట్టి భద్రత గ్రంథాలయములందును, పాఠశాలలందును వ్రేలాడు పటములకు సాధారణముగా లభింపలేదు.

ఆధునిక దశ

వర్ణఛాయాచిత్రము చౌకయగుటయు, తరువాత కంప్యూటరుపై పాతచిత్రములను సవరించి ఫ్లెక్సీలపై ముద్రించు పద్ధతి వ్యాపించుటయు చేతితో వ్రాసిన పటములకు గిరాకిని తగ్గించినవి. గతించినవారి చిన్న చిత్రమును పెద్దది చేసి, ముఖమును విడదీసి, నూతన వస్త్రములను సంతరించుట మాత్రము యంత్రసహాయమున యథాపూర్వముగ సాగుచున్నది. కళాశాలలును, న్యాయవాదసంఘములును, కొన్ని కుటుంబములును నేటికిని తైలవర్ణపటములను వ్రాయించుచున్నవి.

ప్రాముఖ్యము

చరిత్రకారునకు ఈ పటములు దుస్తులు, ఆభరణములు, కేశాలంకరణము, బొట్టునామములు మొదలగు విషయములందు ఆధారములు. కాని అవి పలుమార్లు వ్యక్తి ధరించినవానిని గాక, ధరించినట్లు కుటుంబము కోరినవానిని చూపుననుట గుర్తుంచుకొనవలెను. సమాజచరిత్రకు వీని ప్రయోజనము ఇంకను విస్తృతము: దివాణమునుండి పురమందిరమునకు, అచ్చటినుండి గ్రంథాలయమునకు, తుదకు రైతు సావడికి పటము సాగిన క్రమము, డెల్టాలో గౌరవార్హులని ఎంచబడినవారి పరిధి ఎట్లు విస్తరించినదో తెలుపును. కళాచరిత్రకు చిత్రకారుల పేరులు, వ్రాయించినవారి పద్దులు, మూలఛాయాచిత్రములు పటములతోపాటు సేకరింపబడిననే ఈ అధ్యయనము సమగ్రము కాగలదు.